ఫ్లాట్ అమ్ముతున్నామని చెప్పాపెట్టకుండా మనుషుల్ని తెస్తున్నారు. తాళం మార్చవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మియాపూర్‌లో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో మూడేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. మొదట 11 నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, తర్వాత మళ్లీ రాయలేదు. అద్దె మాత్రం నెలనెలా ఫోన్‌పేలో పంపుతున్నాం. ఇప్పుడు ఓనర్ ఫ్లాట్ అమ్మకానికి పెట్టారు. ఆదివారం లేదు, రాత్రి తొమ్మిది లేదు, బ్రోకర్ మనుషుల్ని వెంటేసుకుని వస్తున్నాడు. పోయిన వారం మేం ఆఫీసులో ఉండగా ఓనర్ ఇచ్చిన తాళంచెవితో లోపలికొచ్చి, బెడ్రూమ్‌తో సహా వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. అడిగితే ‘ఇల్లు నాది, ఎవరికైనా చూపించుకుంటా’ అంటున్నారు ఓనర్. కాదంటే ఖాళీ చేయిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. తాళం మార్చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇల్లు ఆయనదే, కాదనలేం. కానీ అద్దెకు ఇచ్చిన రోజే దాని స్వాధీనం మీకు వచ్చింది. మీరు ఖాళీ చేసేదాకా ఆ గడప లోపలికి ఎవరు రావాలన్నా మీ అనుమతి కావాలి, కొన్ని మినహాయింపులతో.

ఆ మినహాయింపులు ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108లో ఉన్నాయి. (కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు 2005 సవరణ తర్వాత అద్దె నియంత్రణ చట్టం వర్తించడం లేదు. అందుకే మీకు ఈ పాత చట్టమే దిక్కు.) అద్దె సక్రమంగా కడుతూ షరతులు పాటిస్తున్న వ్యక్తి ఏ ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండవచ్చని అందులో ఉంది. ఇల్లు ఎలా ఉందో, ఎక్కడైనా దెబ్బతిన్నదో చూసుకోవడానికి ఓనర్‌నూ ఆయన మనుషుల్నీ సబబైన వేళల్లో లోపలికి రానివ్వాలనీ ఉంది. గమనించండి, ఆ హక్కు ఇంటి పరిస్థితి చూడటానికి. కొనేవాళ్లను తిప్పి చూపించడం గురించి అక్కడ ఒక్క మాట కూడా లేదు. మీ పాత అగ్రిమెంట్‌లో అలాంటి షరతు ఉందేమో ముందు వెతకండి. ఉంటే దానికి కట్టుబడాలి. అప్పుడైనా రాత్రి తొమ్మిదికి తలుపు కొట్టడం, మీరు లేనప్పుడు దూరడం కుదరదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్తాను. హక్కు ఉంది కదా అని ఎవరినీ రానివ్వకుండా మొండికేయకండి. అగ్రిమెంట్ గడువు తీరాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటున్నారు కాబట్టి మీది ఇప్పుడు నెలవారీ అద్దె కిందికి వస్తుంది. సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. పాత అగ్రిమెంట్‌లో నెల, రెండు నెలల నోటీసు అని రాసుకుని ఉంటే ఆ గడువు కావాలని మీరు వాదించవచ్చు. నోటీసు ఇచ్చినంత మాత్రాన మిమ్మల్ని బయటికి గెంటే అధికారం ఆయనకు రాదు, అందుకు కోర్టులో దావా వేయాల్సిందే. బలవంతంగా సామాన్లు బయట పడేస్తే నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. అయినా అంతదాకా ఎందుకు? మీకు కావలసింది ప్రశాంతత, ఆయనకు కావలసింది బేరం.

కాబట్టి ఓనర్‌కు ఈ రోజే మెసేజ్ పెట్టండి. ఇలా రాస్తే చాలు: ‘సార్, ఫ్లాట్ చూపించడానికి మాకు అభ్యంతరం లేదు. శని, ఆదివారాల్లో ఉదయం 10 నుంచి ఒంటిగంట లోపు, ముందురోజు చెప్పి, మేం ఇంట్లో ఉన్నప్పుడు తీసుకురండి. మేం లేనప్పుడు ఎవరూ లోపలికి రావడానికి ఒప్పుకోం. మా సామాన్లతో తీసిన వీడియోను గ్రూపుల్లోంచి తీసేయించండి. కావాలంటే ఇల్లు సర్ది పెడతాం, అప్పుడు కొత్తగా తీసుకోండి.’ సర్దిన ఇంటికి మంచి ధర పలుకుతుంది, ఈ మాట ఓనర్‌కు చట్టం కన్నా తొందరగా ఎక్కుతుంది. ఆయన అడ్డం తిరిగితే, కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం గురించి చెప్పండి. ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని అందులో ఉంది. అది తెలంగాణలో అమల్లో ఉన్న చట్టం కాదు. కానీ సబబైన వేళ అంటే ఏమిటో చెప్పడానికి పనికొస్తుంది.

తాళం సంగతి. మెయిన్ డోర్ తాళం మార్చవచ్చా అన్నది మీ అగ్రిమెంట్‌ను బట్టి ఉంటుంది. అసలు దాని జోలికి పోనక్కర్లేదు, బయట గ్రిల్ తలుపు ఉంటే దానికి మీ సొంత తాళం వేసుకోండి. నీళ్ల పైపు పగలడం, షార్ట్ సర్క్యూట్ లాంటి అత్యవసరం వస్తే వెంటనే తలుపు తీయించే ఏర్పాటు ఉందని ఓనర్‌కు అదే మెసేజ్‌లో రాయండి.

ఇంత చెప్పినా బ్రోకర్ మళ్లీ దూరితే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద ఇంట్లోకి అక్రమంగా చొరబడటం నేరం. అయితే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వచ్చాడని చూపించాలి. ‘ఇది సివిల్ మేటరమ్మా’ అని స్టేషన్లో తిప్పి పంపే అవకాశం ఎక్కువ. వద్దని మీరు ముందే పెట్టిన మెసేజ్ అక్కడ మీకు అక్కరకొస్తుంది. దాని ఆధారంగానే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (వాళ్లు అలా రాకుండా ఆపే ఉత్తర్వు) కూడా అడగవచ్చు.

కోపంలో అద్దె ఆపకండి. సెక్షన్ 108 ఇచ్చే రక్షణ అద్దె కట్టేవారికే.

ఫ్లాట్ అమ్ముడుపోతే సెక్షన్ 109 ప్రకారం కొన్నవాళ్లు మీకు కొత్త ఓనర్ అవుతారు. రిజిస్ట్రేషన్ కాగానే మీరు వెళ్లిపోవాలని ఏమీ లేదు. అమ్మిన సంగతి తెలియక పాత ఓనర్‌కే అద్దె కట్టి ఉంటే మళ్లీ కట్టనక్కర్లేదు. తెలిశాక మాత్రం సేల్ డీడ్ కాపీ చూసి కొత్తవాళ్లకు కట్టండి. మీరిచ్చిన అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలో ఇద్దరి చేతా ఒక కాగితం రాయించుకోండి. ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి.

లాయర్ ఫీజు భారమనుకుంటే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. పాత అగ్రిమెంట్, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, బ్రోకర్ పెట్టిన వీడియో స్క్రీన్‌షాట్లు వెంట తీసుకెళ్లండి. వీడియో తీసేయించే ముందే ఆ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి.