సిగార్ బాగుందో లేదో ఎలా తెలుస్తుందన్నావు కదా అల్లుడూ

అల్లుడూ, నీ మెసేజ్ చూశా. మీ మేనేజర్ ఇచ్చిన సిగార్ తాగి సూపర్ అన్నావు గానీ ఏం సూపరో చెప్పలేకపోయానని రాశావు, అందులో సిగ్గుపడేదేం లేదు, సిగార్‌కి చుట్టిన కాగితం బ్యాండ్ మీద పేరు చూసి ఆహా అనేవాళ్ళే ఎక్కువ. నేను గుంటూరులో పొగాకు గ్రేడింగ్ చేసి బతికినోణ్ణి కాబట్టి నాకు తెలిసింది ఒకటే, ఎంత ఖరీదైన సిగారైనా అది ఆకే, ఆకుని బాగా మగ్గబెట్టారా, బాగా చుట్టారా అన్నదే చూడాలి, రేటు, ఘాటు, రంగు ఇవన్నీ తర్వాత.

ముందు ఒకటి తెలుసుకో. సిగరెట్లలో వాడే మన వర్జీనియా పొగాకుని బ్యారన్లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, వేడి పెట్టి ఆరబెడతాం, అందుకే అందులో తీపి మిగులుతుంది, పొగ కాస్త ఆమ్లంగా ఉంటుంది, సిగరెట్ వాడు ఊపిరితిత్తుల్లోకి లాగితే గానీ వాడికి కిక్కు రాదు. సిగార్ ఆకు అలా కాదు, షెడ్డులో గాలికి వారాల తరబడి ఆరి, తర్వాత పెద్ద పెద్ద కుప్పల్లో మగ్గుతుంది, కుప్ప లోపల దానంతటదే వేడెక్కుతుంది, మరీ వేడెక్కకుండా విప్పి తిరగేసి మళ్ళీ పేరుస్తారు. ఆ పొగ క్షారంగా ఉంటుంది కాబట్టి నికోటిన్ నోట్లోంచే ఎక్కేస్తుంది, అందుకే లోపలికి పీల్చకూడదు, నోట్లో తిప్పి వదిలేయడమే. కుప్పలో సరిగ్గా మగ్గని ఆకైతే వెలిగించకముందే పట్టుకోవచ్చు, వెలిగించే చివర వాసన చూడు, ముక్కుకి అమ్మోనియా కొడితే ఇంక దాని గురించి ఆలోచించక్కర్లేదు, అది ఎంత పెట్టి కొన్నా సరే పచ్చి సరుకే. మంచిదైతే ఎండుగడ్డి, కోకో, దేవదారు చెక్క లాంటి వాసనేదో వస్తుంది.

తర్వాత రెండు వేళ్ళతో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెల్లగా నొక్కుతూ రా. అంతా ఒకేలా కాస్త స్ప్రింగులా ఉండాలి, ఎక్కడైనా గట్టి ముద్ద తగిలితే అక్కడ పొగ రాదు, మెత్తగా గుంట పడితే అక్కడ గబగబా కాలి వేడెక్కుతుంది. బయట చుట్టిన ఆకుకి, దాన్నే రేపర్ అంటారు, లావు ఈనెలు, పగుళ్ళు ఉండకూడదు, కొంచెం నూనె మెరుపు ఉంటే సంతోషం. సన్నటి గుండుసూది బెజ్జాలు, పక్కన పొడి కనిపిస్తే మాత్రం మన గోడౌన్లలో పట్టే పెంకుపురుగే అది, డబ్బా మొత్తం విడిగా పెట్టేయ్. నల్లగా ఉంటే ఘాటు అనుకుంటారు జనం, అది శుద్ధ తప్పు, మదూరో అనే నల్ల ఆకు ఎక్కువ మగ్గడం వల్ల నల్లబడింది, చాలాసార్లు తియ్యగా కూడా ఉంటుంది.

ఘాటు వచ్చేది లోపలి ఆకు నుంచి. మొక్క కింద ఆకుని వొలాడో అంటారు, బాగా కాలుతుంది, మధ్యది సెకో, వాసనకి, మొక్క కొస దగ్గరి ఆకు లిహెరో, ఎండంతా దానికే కాబట్టి మందంగా ఉండి ఘాటుగా, నిదానంగా కాలుతుంది. చుట్టేవాడు లిహెరోని సరిగ్గా నడిమధ్యలో పెట్టాలి, పక్కకి జరిగిందా, సిగార్ ఒక వైపే కాలి రెండో వైపు అలాగే ఉండిపోతుంది. ఒకసారి కాస్త వంకరపోతే పర్లేదు, సరిచేయగానే మళ్ళీ మళ్ళీ అదే వైపు పోతుంటే చుట్టడంలోనే తేడా.

తల, అంటే నోట్లో పెట్టుకునే చివర, కట్ చేసేటప్పుడు దాని మీద అతికించిన చిన్న ఆకు టోపీ వరకే, రెండు మిల్లీమీటర్లు చాలు, ఎక్కువ కోస్తే రేపర్ విడిపోతుంది. వెలిగించకుండా ఒకసారి పీల్చి చూడు, స్ట్రాలో మిల్క్‌షేక్ తాగినంత కష్టమైతే బిగుతు చుట్టారన్నమాట. పెట్రోల్ లైటర్ వద్దు, గ్యాస్‌ది వాడు, మంట తగలనీకుండా దూరం నుంచి కాల్చు. నిమిషానికి ఒక దమ్ము, అంతే. మీ కుర్రాళ్ళు సిగరెట్‌లా గుంజేసి చేదొచ్చింది అంటారు, తప్పు సిగార్‌ది కాదు.

రుచి దగ్గరికొస్తే డబ్బా మీద రాసిన లెదర్, వెనీలా కోసం వెతక్కు. నీకు తెలిసిన మాటల్లో రాసుకో, మిరియాలా, వేయించిన ధనియాలా, బెల్లం పాకమా, తడి మట్టా. కాస్త పొగ ముక్కులోంచి వదిలితే ఇంకా తెలుస్తుంది, కొంచెమే సుమా, ఎక్కువైతే కళ్ళనీళ్ళొస్తాయి. మూడు భాగాలనుకుని చూడు, మొదటి భాగానికీ రెండోదానికీ రుచి మారిందా, నోట్లో చివరికి మిగిలేది శుభ్రంగా ఉందా, ఇదే అసలు పరీక్ష. తల తిరిగించిందంటే అది స్ట్రాంగ్ అని, మంచిదని కాదు. బూడిద తెల్లగా ఉంటే గొప్ప అంటారు, అది నేలలోని ఖనిజాల సంగతి, నేను పట్టించుకోను.

ఖాళీ కడుపుతో మాత్రం తాగకు, వికారంగా ఉంటే పక్కన పెట్టేసి కాస్త పంచదార నోట్లో వేసుకో. పీల్చట్లేదు కదా ఏం కాదులే అని కూడా అనుకోకు, శ్రీకాకుళం వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు చివర నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎప్పట్నుంచో రాస్తూనే ఉన్నారు, నోరు కూడా ఒళ్ళే. అసలు తాగకపోతే ఇంకా మంచిది, లేకపోతే మీ అమ్మ నన్నే తిడుతుంది.

మీ మేనేజర్ ఇచ్చింది కోహిబా అన్నావు కదా, అది క్యూబాలో పేరున్న బ్రాండే గానీ, మీ డల్లాస్ షాపులో కొన్నదైతే అది క్యూబాది కాదు, క్యూబా సరుకు మీద అమెరికాలో 1962 నుంచి ఎంబార్గో, అంటే నిషేధం ఉంది, పేరొకటే గానీ కంపెనీలు వేరు. దానర్థం చెడ్డదని కాదు, నికరాగ్వా దేశంలోని ఎస్తెలీ ఊరి ఆకు నాకైతే చాలా క్యూబా వాటికంటే నచ్చుతుంది. వెకేషన్‌కి వెళ్ళినప్పుడు బీచ్‌లో ఎవడైనా అద్దం మూత బాక్సులో క్యూబన్ కోహిబా చవగ్గా ఇస్తానంటే నవ్వేసి వచ్చేయ్, అలాంటి బాక్స్ వాళ్ళు చేయరు.

సిగార్లేమైనా మిగిలితే 65 నుంచి 70 శాతం తేమలో ఉంచు, మీ ఏసీ గదిలో ఊరికే పెడితే వారంలో పగులుతాయి. ఇంకోటి, అయిపోయాక నలిపి ఆర్పకు, యాష్‌ట్రేలో వదిలేస్తే అదే ఆరిపోతుంది, నలిపావో ఇల్లంతా ఒకటే కంపు, మీ ఆవిడ ఆ రాత్రి నిన్ను బాల్కనీలోనే పడుకోమంటుంది.

ఉంటా మరి,
మావయ్య