అమెరికా పౌరుడైన కొడుక్కి పసుపు చేను రాయొచ్చా?

ప్రశ్న: మాది దుగ్గిరాల. మా అబ్బాయి పద్దెనిమిదేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాడు. పోయినేడు అక్కడి సిటిజన్‌షిప్ తీసుకున్నాడు. నా పేరు మీద రెండెకరాల పసుపు చేను ఉంది. మావారికి ఒంట్లో బాగుండటం లేదు. ఇప్పుడే అబ్బాయికి గిఫ్ట్ డీడ్ రాసేయమంటున్నారు. విజయవాడలో ఉన్న అమ్మాయి కూడా సరేనంది. రాయొచ్చా? వాడింక మనవాడు కాడేమోనని నాకు ఒకటే దిగులు.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, గిఫ్ట్ డీడ్ వద్దు. వీలునామా రాయండి. చేను మీ పేరు మీద ఉంది కాబట్టి రాయాల్సింది మీరే, మీవారు కాదు.

ఇల్లో, ఫ్లాటో అయితే విదేశంలో ఉన్న కొడుక్కి నిక్షేపంగా గిఫ్ట్ ఇవ్వొచ్చు. సాగుభూమిని మాత్రం ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) ఒప్పుకోదు. విదేశాల్లో స్థిరపడ్డవాళ్లు దాన్ని కొనకూడదు, గిఫ్టుగానూ తీసుకోకూడదు. వీలునామా ద్వారానో, వారసత్వంగానో వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. సిటిజన్‌షిప్ తీసుకోబట్టే ఈ చిక్కు వచ్చిందని అబ్బాయిని ఏమీ అనకండి. ఇండియా పాస్‌పోర్టుతో అక్కడే స్థిరపడి ఉన్నా ఇదే రూలు.

గుంటూరు కోర్టులో ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఒకసారి కొల్లిపర వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన దస్తావేజు తీసి బల్ల మీద పెట్టారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు పేర పొలం గిఫ్ట్. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది, ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడేళ్ల తర్వాత అమ్మబోతే కొనేవాళ్ల లాయరు పట్టుకున్నారు. ఫెమా కింద జరిమానా ఆ పొలం విలువకు మూడు రెట్ల దాకా వేయొచ్చు. "నా పొలం నా కొడుక్కిచ్చుకుంటే తప్పేంటమ్మా" అని ఆయన అడిగితే నాకు నోట మాట రాలేదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు. వాళ్లలో ఒకరు మీకు వైద్యం చేసే డాక్టరైతే మరీ మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. రేపు అబ్బాయి అమ్ముకోవాలన్నా ఇండియాలో నివసించేవాళ్లకే అమ్మాలి. పన్ను కట్టాక ఎన్నార్వో ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం మన బ్యాంకులో తెరిచే ఖాతా) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా అమెరికాకు పంపుకోవచ్చు.

ఇక మీ దిగులు. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు కాబట్టి అబ్బాయి ఇక్కడి పాస్‌పోర్టు వదులుకోక తప్పదు. విదేశీ పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోమనండి. ఓటు ఉండదు గానీ, వీసా గొడవ లేకుండా బతికున్నన్నాళ్లూ వచ్చిపోవచ్చు. అమ్మ చేను కొడుక్కి రాకూడదని ఏ చట్టంలోనూ లేదమ్మా.

పసుపు తవ్వే రోజుల్లో అబ్బాయిని పిలిపించండి. హద్దురాళ్లు చూపించి, సర్వే నంబరు రాసిచ్చి, పక్క పొలం వాళ్లతోనూ కౌలు రైతుతోనూ కూర్చోబెట్టి మాట్లాడించండి.