నాబ్ ఎటు తిప్పినా తగ్గని బ్లోయర్

ప్రశ్న: మా హాల్లో గోడ ఫైర్‌ప్లేస్‌లోకి అమర్చిన కట్టెల ఇన్‌సర్ట్ (రేకు పెట్టెలాంటి పొయ్యి) ఉంది. దాని కింద వేడిని గదిలోకి తోసే బ్లోయర్ ఫ్యాను, పక్కన స్పీడు తగ్గించే నాబ్. పది రోజులుగా నాబ్ ఎక్కడ పెట్టినా ఫ్యాను ఫుల్ స్పీడులోనే తిరుగుతోంది. పూర్తిగా వెనక్కి తిప్పి ‘టిక్’ అనిపిస్తే మాత్రం ఆగుతుంది. చూసిన మెకానిక్ బ్లోయర్ మొత్తం మార్చాలన్నారు. నిజంగా అవసరమా? ఇంట్లో పాత లైటు డిమ్మర్ ఒకటి ఉంది, అది సరిపోతుందా? ఇంకో సందేహం. మంట ఆరిపోయాక కూడా ఫ్యాను చాలాసేపు తిరుగుతుంది. అదీ ఈ రోగమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ ‘టిక్’ ముక్క లేకపోతే నేను మీకు నాలుగు ఎదురు ప్రశ్నలు వేయాల్సి వచ్చేది. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. టిక్ అనగానే ఆగుతోందంటే స్విచ్ బాగుంది, వైరింగ్ దారి బాగుంది. ఫుల్ స్పీడులో తిరుగుతోందంటే మోటారూ బాగుంది. ఇక మిగిలింది రెగ్యులేటర్ లోపల ఉండే ట్రయాక్. నూటికి తొంభై పాళ్లు అదే పోయింది. బాగున్న బ్లోయర్‌ని ఎందుకు మార్చడం?

ట్రయాక్ అంటే వేలి గోరంత నల్లటి ముక్క, మూడు కాళ్లు, వెనక ఒక రేకు. అది కరెంటుకి వేసిన తలుపు. సెకనుకి వందసార్లు, 60 హెర్ట్జ్ సప్లై అయితే నూట ఇరవైసార్లు, మూసుకుని తెరుచుకుంటుంది. మీరు నాబ్ తగ్గించినప్పుడు ప్రతిసారీ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, మోటారుకి అందే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. ఆ ముక్క షార్ట్ అయితే తలుపు తెరిచినట్టే బిగుసుకుపోతుంది. ఇక నాబ్ ఎంత తిప్పినా ఉపయోగం లేదు. అదే ఓపెన్ అయి, అంటే లోపల తెగిపోయి ఉంటే ఫ్యాను అసలు తిరిగేది కాదు. నాబ్ తిప్పుతుంటే స్పీడు గెంతులు వేస్తుంటే లోపలి కార్బన్ ట్రాక్ అరిగిందని అర్థం. మీది మొదటి రకం.

నా మాట మీదే కొనేయకండి, ముందు పరీక్ష చేయండి. ఇన్‌సర్ట్ పూర్తిగా చల్లారాలి. చేయి పెడితే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. ప్లగ్ పీకేయండి. ప్లగ్ లేకుండా నేరుగా వైరు కలిపిన రకమైతే ఆ లైను బ్రేకర్ దింపి, టెస్టర్‌తో చూసుకోండి. నాబ్ ఊడబీకి, దాని వెనకున్న నట్టు విప్పితే రెగ్యులేటర్ బయటికొస్తుంది. ఫోను తీసి ఒక ఫోటో కొట్టుకోండి. ‘గుర్తుంటుందిలే’ అనుకున్న వైర్లు నాకు నలభై ఏళ్లలో ఎప్పుడూ గుర్తులేవు. రెండు వైర్లూ తీసేసి, నాబ్‌ని టిక్ దాటించి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండు టెర్మినళ్ల మధ్య చూడండి. బాగున్న రెగ్యులేటర్ అయితే మీటరు ఏమీ చూపించదు, లేదా లక్షల్లో చూపిస్తుంది. మీది సున్నా దగ్గరో, ఒకటి రెండు ఓములో చూపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

టెర్మినళ్ల చుట్టూ ప్లాస్టిక్ రంగు కూడా చూడండి. టీ మరకలా గోధుమ రంగు పట్టి ఉంటే అక్కడ కనెక్టరు వదులై వేడెక్కిందన్నమాట. అలాంటి చోట కొత్త రెగ్యులేటర్‌కి పాత కనెక్టరే గుచ్చితే మళ్లీ అదే కథ. కొత్త కనెక్టరు వేసి, ప్లయర్‌తో బిగించి, లాగి చూడండి.

ఇప్పుడు మీ లైటు డిమ్మర్ సంగతి. వద్దు. ఈ ‘వద్దు’ నేను ఊరికే అనడం లేదు, చేయి కాల్చుకుని చెబుతున్నాను. పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో ఒక బ్లోయర్‌కి నేనే లైటు డిమ్మర్ బిగించాను. మొదటి సాయంత్రం బ్రహ్మాండంగా తిరిగింది. మర్నాడు ఎవరో నాబ్‌ని టిక్ అనిపించి, కొద్దిగా మాత్రం తిప్పి వదిలేశారు. లైటు డిమ్మర్ మొదలయ్యేదే తక్కువ నుంచి కదా. ఆ కాస్త కరెంటుతో మోటారు కదలలేకపోయింది. ఫ్యాను తిరగదు, మోటారు మాత్రం ఝుమ్మంటూ కూర్చుంది. గంట తర్వాత వైండింగ్ వార్నిష్ మాడిన వాసన. ఆ వాసన ఒకసారి పీల్చినవాడు జీవితంలో మర్చిపోడు. కొత్త మోటారు ఖర్చు నా జేబులోంచే పోయింది.

ఫ్యాను కోసం చేసిన రెగ్యులేటర్ అందుకే తలకిందులుగా ఉంటుంది. టిక్ దాటగానే ఫుల్, అక్కడి నుంచి తిప్పేకొద్దీ తగ్గుతుంది. మోటారు ముందు లేచి నిలబడాలి, ఆ తర్వాతే నెమ్మదించాలి. పైగా మోటారు కాయిల్ లోడు బల్బు లోడులా ఉండదు. అందులో కరెంటు వోల్టేజీ కంటే వెనకబడి నడుస్తుంది, ఉత్త బల్బుకి చేసిన ట్రయాక్ సరైన సమయానికి మూసుకోలేక తడబడుతుంది. సీలింగ్ ఫ్యాన్ స్టెప్ రెగ్యులేటర్ పెడదామనీ కొందరు అడుగుతుంటారు. అందులో కెపాసిటర్లు సీలింగ్ ఫ్యాను వైండింగ్‌కి లెక్కగట్టి పెట్టినవి. వేరే మోటారుకి పెడితే ఒక నంబరులో గాలి ఉండదు, ఇంకో నంబరులో తేడా తెలియదు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండే. వోల్టేజీ మీ సప్లైదే ఉండాలి. 120 వోల్టులది 230కి పెడితే పొగే. తర్వాత ఆంపియర్లు. మోటారు మీద అతికించిన రేకులో అంకె ఉంటుంది. అక్కడ 1 ఆంపియర్ ఉంటే నేనైతే 3 ఆంపియర్ల రెగ్యులేటర్ తెస్తాను. అంచు మీద నడిచే ట్రయాక్ వేడికి ముందు పోయేది. పాతదాన్ని వెంట తీసుకెళ్లండి, కడ్డీ సైజు, నాబ్ రంధ్రం కలవాలి కదా.

బిగించేటప్పుడు రెగ్యులేటర్ ఫేజ్ వైరు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెట్టినా ఫ్యాను ఆగుతుంది, తిరుగుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ‘ఆఫ్’ చేసిన మోటారు మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. దుమ్ము తుడవడానికి చేయి పెట్టినవాడి గతి ఆలోచించండి. ఎర్త్ వైరు తీసి ఉంటే మళ్లీ బాడీకి బిగించండి. ఇన్‌సర్ట్ రేకుకి దగ్గరగా పోయే వైరు మామూలు పీవీసీది వేయకండి, అది సాధారణంగా 70 డిగ్రీల వరకే. 180 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ రబ్బరు వైరు దొరుకుతుంది, అది వాడండి.

పాతది ఎందుకు పోయిందో కూడా చూడాలి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. బ్లోయర్‌ని బయటికి లాగి ఫ్యాను రెక్కల మధ్య చూడండి. బూడిద, దూది, పెంపుడు జంతువులుంటే వెంట్రుకలు, అన్నీ కలిసి తివాచీలా అల్లుకుని ఉంటాయి. మెత్తటి బ్రష్షుతో తుడవండి. వేలితో తిప్పితే నాలుగైదు చుట్లు తనంతట తాను తిరగాలి. ఒక్క చుట్టుకే ఆగితే బేరింగ్ ఎండిందన్నమాట. నూనె రంధ్రాలున్న మోటారైతే రెండు చుక్కలు మెషిన్ ఆయిల్ చాలు. బిగుసుకున్న మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ వేడి రెగ్యులేటర్ మోస్తుంది.

చాలా రెగ్యులేటర్లకి నాబ్ పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. అది కనిష్ఠ స్పీడుది. కొత్తది బిగించాక నాబ్‌ని అన్నిటికంటే తక్కువకి పెట్టి, ప్లాస్టిక్ పిడి ఉన్న సన్నటి స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పండి. ఫ్యాను ఆగబోతున్నట్టు అనిపించిన చోటు నుంచి కాస్త పైకి తెచ్చి వదిలేయండి. అక్కడ సన్నటి ఝంకారం వినిపిస్తే కంగారు పడకండి, కరెంటు అలని అలా ముక్కలుగా కోస్తే మోటారు ఆ మాత్రం మూలుగుతుంది.

స్పీడు తగ్గడం ఎందుకంత అవసరం, ఫుల్‌లో తిరిగితే వేడి ఎక్కువ వస్తుంది కదా అని మీరు అడగలేదు కానీ చెబుతాను. చిన్న మంట మీద పెద్ద గాలి పెడితే పొయ్యి ఒంట్లో వేడంతా గాలి లాగేస్తుంది. లోపల చల్లబడి కట్టె సరిగా కాలదు, పొగ ఎక్కువవుతుంది, తలుపు అద్దం నల్లబడుతుంది. అదే పొగ చిమ్నీలో క్రియోసోట్ అనే తారులాంటి పదార్థమై పేరుకుంటుంది, అది అంటుకుంటే చిమ్నీయే కాలుతుంది. ఈ పది రోజుల్లో మీ అద్దం నల్లబడి ఉంటే కారణం ఇదే కావచ్చు.

మంట ఆరాక ఫ్యాను తిరగడం రోగం కాదు. వైరు దారిలో స్నాప్ డిస్క్ అని రూపాయి బిళ్లంత స్విచ్ ఒకటి ఇన్‌సర్ట్ రేకుకి అంటుకుని ఉంటుంది. మోడల్‌ని బట్టి మారుతుంది గానీ, సుమారు 45 డిగ్రీల దగ్గర కలుస్తుంది, 32 దగ్గరికి చల్లారాక విడిపోతుంది. రేకులో మిగిలిన వేడి గదిలోకి వచ్చేదాకా ఫ్యానుని తిప్పడమే దాని పని.

అన్నట్టు, కొత్త రెగ్యులేటర్ బిగించి, మంట రాజేసి, నాబ్ ఫుల్‌లో పెడతారు. ఫ్యాను కదలదు. పదిహేను నిమిషాలైనా కదలదు. డిస్క్ ఇంకా చల్లగా ఉంది కాబట్టి. ‘కొత్తదీ పోయింది’ అని అప్పుడే నాకు ఇంకో ఉత్తరం రాయకండి, ఇంకో కట్టె వేసి కూర్చోండి.