కూర్చోబెట్టి మాట్లాడొద్దు, రాసివ్వండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి పబ్లిక్ స్కూల్లో టెన్త్ గ్రేడ్. తను డేటింగ్ చేసి, తర్వాత వద్దనుకున్న అబ్బాయి కారిడార్‌లో అడ్డం నిలబడుతున్నాడు, ఫోన్ పాస్‌వర్డ్ ఇమ్మని బెదిరిస్తున్నాడు, ఒకసారి చెయ్యి మెలిపెట్టాడు. ఇద్దర్నీ పిలిపించి మాట్లాడమని స్కూలును అడగనా?

జవాబు: వద్దండీ. పెద్దల్లో పెట్టి తేల్చడం మనకు అలవాటే గానీ, అతను ఎదురుగా ఉంటే మీ అమ్మాయి నోరు విప్పదు. విప్పితే ఆ కక్ష తర్వాత తీర్చుకుంటాడు.

డేటింగ్ హింసపై ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ ఒక విధానం ఉండాలని టెక్సాస్ 2007లోనే చట్టం చేసింది. దెబ్బలే కాదు, బెదిరించి అదుపులో పెట్టుకోవడమూ అందులోకి వస్తుంది. ప్రిన్సిపాల్‌కూ, డిస్ట్రిక్ట్ టైటిల్ నైన్ (బడుల్లో లింగ వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం) కోఆర్డినేటర్‌కూ కలిపి ఈమెయిల్ పెట్టండి. తేదీ, పీరియడ్, చోటు, చూసినవాళ్లు అన్నీ రాయండి. 'ఏడిపిస్తున్నాడు' అంటే మామూలు బుల్లీయింగ్ కింద జమకట్టే ప్రమాదం ఉంది. 'డేటింగ్ వయొలెన్స్' అనే రాయండి.

ఫార్మల్ కంప్లైంట్ (దర్యాప్తు కోరుతూ సంతకం చేసి ఇచ్చే ఫిర్యాదు) లేకపోయినా సపోర్టివ్ మెజర్స్ అడగొచ్చు, ఫీజుండదు. సెక్షన్, లంచ్, బస్సు మార్పులు, ఒకరినొకరు కలవకూడదన్న రాతపూర్వక ఆదేశం, కౌన్సెలింగ్ ఇందులో ఉంటాయి. సులువని బాధితురాలి టైంటేబులే మార్చేయడం స్కూళ్లు తరచూ చేసే తప్పు. ఆ భారం ఆమె మీదే వేయొద్దని ముందే రాయండి. ఆ ఆదేశం సంగతి కోచ్‌కూ బస్సు డ్రైవర్‌కూ చేరిందో లేదో కనుక్కోండి. చాలాసార్లు అది ఆఫీసు దాటదు.

ఇంకో సంగతి. ఫిర్యాదు అందగానే ఇద్దరి తల్లిదండ్రులకూ చెప్పాలన్నది 2021లో వచ్చిన నిబంధన. అంటే అతనింటికీ వెంటనే కబురు వెళ్తుంది. ఆ రోజు బడి వదిలే వేళకు మీరే వెళ్లి అమ్మాయిని తెచ్చుకోండి.

ఫార్మల్ కంప్లైంట్ దాకా వెళ్తే ఓపిక పట్టాలి. సాక్ష్యాలు చూసుకోవడానికి కనీసం 10 రోజులు, దర్యాప్తు నివేదికపై కనీసం మరో 10 రోజులు ఇరుపక్షాలకూ ఇవ్వాలి.

కోపంలో పిల్ల ఫోన్ లాక్కోకండి. సాక్ష్యాలన్నీ అందులోనే ఉన్నాయి. అతని ఖాతా పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయించండి.

ప్రశ్న: ఇదే స్కూలు బయట, మాల్‌లో జరిగితే?

జవాబు: టైటిల్ నైన్ అక్కడిదాకా రాకపోవచ్చు. కోర్టు నుంచి ప్రొటెక్టివ్ ఆర్డర్ (రక్షణ ఉత్తర్వు) తెచ్చుకోండి. డేటింగ్ హింసలో మైనరైనా టెక్సాస్‌లో స్వయంగా దరఖాస్తు చేయొచ్చు, రుసుము లేదు. కౌంటీ లేదా డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ న్యాయవాది) ఆఫీసులో అడగండి. ఆర్డర్ కాపీ స్కూల్లో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.