పంటి ఇంప్లాంట్ స్క్రూ పదే పదే లూజవుతుంటే ముందు అబట్‌మెంట్ చూడండి

ఇంటర్నల్ హెక్స్ ఇంప్లాంట్‌కి (లోపల ఆరు పలకల గుంట ఉండేది) ల్యాబ్‌లో పోతపోసిన అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కీ పైన పెట్టే క్యాప్‌కీ మధ్య ముక్క) పెట్టాక స్క్రూ మాటిమాటికీ లూజవుతోందన్నారు కదండీ, నా డౌట్ స్క్రూ మీద కాదు, అబట్‌మెంట్ మీదే. క్యాస్టింగ్‌లోనో పాలిషింగ్‌లోనో కూర్చునే అంచు కాస్త మారినా హెక్స్ దగ్గర లూజు వస్తుంది, నమిలేటప్పుడు అబట్‌మెంట్ కదిలి లోడంతా స్క్రూ మీద పడుతుంది, ఇక ఎంత బిగించినా ప్రీలోడ్ (బిగించినప్పుడు స్క్రూలో వచ్చే బిగువు) నిలవదు. ఇంప్లాంట్ యాక్సిస్‌కి లంబంగా ఎక్స్‌రే తీయండి, యాంగిల్ తప్పితే అబట్‌మెంట్‌కీ ఇంప్లాంట్‌కీ మధ్య గ్యాప్ ఉన్నా కనబడదు. గ్యాప్ ఉంటే మాత్రం టార్క్ (తిప్పి బిగించే బలం) పెంచొద్దు ప్లీజ్, స్క్రూ లోపల విరిగితే తీయడం చాలా కష్టం. ఆ ఇంప్లాంట్ కంపెనీదే మిల్లింగ్ చేసిన (మెషీన్‌తో చెక్కిన) అబట్‌మెంట్ గానీ టైటానియం బేస్ (ఇంప్లాంట్‌లో కూర్చునే టైటానియం అడుగు ముక్క) గానీ తీసుకోండి, పూర్తి జిర్కోనియా (గట్టి తెల్లటి సిరామిక్) వద్దు, అది లోపలి టైటానియంని అరగదీస్తుంది. కొత్త స్క్రూ వేసి కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించి, 10 నిమిషాలాగి మళ్లీ అంతే టార్క్ ఇవ్వండి, మరలు సర్దుకునేసరికి కొంత బిగువు పోతుంది కాబట్టి.