హాట్ టబ్ పంపు మోటార్ కాసేపు నడిచి ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ తిరుగుతోంది. కారణం ఏమిటి?

మీరు చెప్పిన లక్షణం చూస్తే మోటార్ వేడెక్కి, లోపలి థర్మల్ ప్రొటెక్టర్ (వేడి ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) దాన్ని ఆపుతోందనిపిస్తోంది. అయితే ముందు ఒకటి చూడండి: చాలా టబ్బుల్లో జెట్ పంపు టైమర్ ప్రకారం 15 నుంచి 30 నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది. బటన్ నొక్కగానే మళ్లీ తిరిగితే అది రిపేరు కాదు. బ్రేకరే పడిపోతుంటే మాత్రం కథ వేరు. తడి చేరడమో, వైండింగ్ (మోటార్ లోపలి తీగచుట్ట) నుంచి కరెంటు లీకేజీయో ఉండొచ్చు, మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి.

వేడికి మామూలు కారణం గాలి ఆడకపోవడం. మెయిన్ ఆఫ్ చేసి మోటార్ వెనక జాలీలో దుమ్ము, ఆకులు తీసేయండి. అదే సమయంలో షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుంటే బేరింగ్ పోయి ఉండాలి, లేదా ఇంపెల్లర్‌లో (నీటిని నెట్టే చక్రం) ఏదో ఇరుక్కుని ఉండాలి. మూలుగుతూ స్టార్ట్ కాకపోతే మోటార్ స్టార్ట్ కావడానికి సాయపడే కెపాసిటర్ మీద అనుమానపడాలి (పవర్ తీసినా అందులో చార్జ్ ఉంటుంది, జాగ్రత్త).

చాలామంది మొదట ఫిల్టర్‌ను తిడతారు. కానీ ఫిల్టర్ మూసుకుపోయి నీళ్లు సరిగా ఆడకపోతే సాధారణంగా హీటర్ ఆగి, ప్యానెల్‌లో ఎర్రర్ వస్తుంది. ఫిల్టర్ తీసి నడిపితే తేలిపోతుంది.

ఇవన్నీ బాగుంటే ఎలక్ట్రీషియన్‌తో క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే పరికరం) పెట్టించండి. మోటార్ నడుస్తున్నప్పుడు ఆంప్స్ (కరెంటు) మోటార్ మీది నేమ్‌ప్లేట్ అంకెను దాటుతున్నాయా, వోల్టేజీ 10 శాతానికి మించి పడిపోతోందా చూడాలి. కాలిన టెర్మినల్, వదులైన వైరు తరచూ ఈ పరీక్షలోనే దొరుకుతాయి.