గంధరాజం ఆకులు పసుపైతే

అక్కా, గంధరాజం లేత ఆకులు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి అన్నారు కదా. ఆ పసుపు తెగులు కాదు, ఇనుము అందక. మన అనంతపురం బోరు నీళ్లు పట్టిన బకెట్ అంచున తెల్లగా గార కడుతుంది చూడండి, ఆ సున్నం వల్ల మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి, పది రోజులకు మళ్లీ ఒకసారి. బండల మీద పడనివ్వొద్దు. మా గడప దగ్గర తుప్పు మరక ఇంకా పోలేదు. ముదిరిన ఆకులు కోలుకోకపోవచ్చు, కొత్త చిగురు చూడండి. వాన నీళ్లు డ్రమ్ముకు పట్టి దీనికే దాచండి. మొగ్గల మీదున్నప్పుడు కుండీ జరపొద్దు, మట్టి ఎండనివ్వొద్దు. ఇంత సేవ నావల్ల కాదంటారా, నందివర్ధనం పెట్టుకోండి, బోరు నీళ్లకే పూస్తుంది.